కృష్ణాతీరంలో గబ్బిలాలు: ఒక పాత సావాసం

మన సంఘం ప్రత్యేక సంచికకు స్థానిక చరిత్ర మీద ఒక వ్యాసం రాయమని సంపాదకవర్గం వారు అడిగారు. నీటిపారుదల శాఖలో పనిచేసి రిటైరయినవాణ్ణి గనుక ఆనకట్ట గురించో, కాలువల గురించో రాస్తానని వారి ఊహ కావచ్చు. ఆనకట్ట, కాలువలు ఈ వ్యాసంలోనూ వస్తాయి. కాని ఇది ప్రధానంగా ఆ కాలువగట్ల చెట్లను గురించి, ఆ చెట్లకు వేలాడే గబ్బిలాలను గురించి. గబ్బిలాలకు చరిత్ర ఏమిటని మిత్రులు కొందరు నవ్వవచ్చు. చదివిన తరువాత నవ్వితే నాకు అభ్యంతరం లేదు.

చెప్పదలచిన ముఖ్య విషయం ఒక్కటే. గబ్బిలం అడవి జంతువే. అయినా విజయవాడలోనూ, కృష్ణా డెల్టాలోనూ అది తలదాచుకునే చోట్లు చాలావరకు మనిషి చేతి మీద తయారైనవి. మనవాళ్ళు కొండ తొలిస్తే ఆ చీకట్లో చేరింది. కోట కట్టి వదిలేస్తే ఆ గోడల్లో చేరింది. కాలువ తవ్వి గట్టున చెట్టు పెంచితే ఆ కొమ్మకు వేలాడింది. అందుచేత దాని చరిత్ర మన చరిత్రలో ఒక భాగం. ఇక ముందు అది ఇక్కడ ఉంటుందా, పోతుందా అన్నది కూడా చాలావరకు మన చేతిలోనే ఉంది.

తోలురెక్కల జీవి

చిన్నప్పుడు అమరకోశం వల్లె వేసినవారికి ‘జతుక’, ‘అజినపత్ర’ అనే మాటలు గుర్తుండవచ్చు. అజినం అంటే తోలు, పత్రం అంటే రెక్క. తోలురెక్కలది అని అర్థం. ఆ పేరు పెట్టినవారు దాన్ని దగ్గరగా చూసే పెట్టారు. గబ్బిలం పిట్ట కాదు. పిల్లను కని పాలిచ్చే జంతువు. దాని చేతివేళ్ళే పొడవుగా సాగి, వాటి మధ్య పలుచని చర్మం పరచుకొని రెక్క అయింది. ప్రపంచంలో 1400కు పైగా గబ్బిలపు జాతులు ఉన్నాయి. మన దేశంలో సుమారు 130 ఉన్నాయి.

మన పక్క కనిపించేవాటిని మూడు తరగతులుగా చెప్పుకోవచ్చు. మొదటిది పెద్ద గబ్బిలం. రెక్కలు చాస్తే నాలుగైదు అడుగులు ఉంటుంది. బరువు కిలో, కిలోన్నర దాకా తూగుతుంది. మొహం నక్క మొహంలా ఉండటంవల్ల ఇంగ్లీషువాళ్ళు దీన్ని ‘ఫ్లయింగ్ ఫాక్స్’ అన్నారు. పగలంతా పెద్ద చెట్లకు వందల సంఖ్యలో తలకిందులుగా వేలాడుతూ, కీచులాడుకుంటూ, ఎండ ముదిరితే రెక్కలతో విసురుకుంటూ ఉంటుంది. పండ్లు, పూలతేనె దీని ఆహారం. ఏడాదికి ఒక్కటే పిల్ల.

రెండవది చిన్న పండ్ల గబ్బిలం. ఇది తాటి మట్టల కిందా, అశోకచెట్ల గుబురులోనూ ఉంటుంది. ఆకుల ఈనెలు కొరికి, అవి కిందికి వాలేట్టు చేసి గుడారంలాంటి గూడు కట్టుకునే అలవాటు దీనికి ఉంది. తెల్లవారి లేచేసరికి మన వసారాలోనో, కారు షెడ్డులోనో చీకిన బాదం పిక్కలు, నేరేడు గింజలు పడి ఉంటే అది దీని పనే. రాత్రి పండును ఒకచోట కోసి, ఇంకొకచోట తీరుబడిగా కూర్చుని, అనగా వేలాడి, తింటుంది.

మూడవ తరగతి పురుగులు తినే చిన్న గబ్బిలాలు. ఇవి జాతులలోనూ, సంఖ్యలోనూ ఎక్కువ. కొన్ని బొటనవేలంత ఉంటాయి. గోడ బీటల్లో, పెంకుల కింద, ఎండిన తాటాకుల్లో, వంతెనల సందుల్లో దాక్కుంటాయి. చీకట్లో ఇవి దేనికీ తగలకుండా ఎలా ఎగురుతాయన్నది చాలాకాలం పండితులకు అంతుపట్టలేదు. ఇటలీలో స్పల్లాన్జానీ అనే క్రైస్తవ గురువు 1793లో పరీక్షలు చేసి, చూపు లేకపోయినా ఇవి దారి తప్పవని కనుగొన్నాడు. ఆ మరుసటి ఏడు జెనీవాలో జురీన్ అనే వైద్యుడు చెవులు మూస్తే మాత్రం ఇవి అన్నిటికీ గుద్దుకుంటాయని చూపించాడు. కారణం తేలడానికి ఇంకా నూట నలభై ఏళ్ళకు పైగా పట్టింది. 1938లో మొదలుపెట్టి అమెరికాలో డొనాల్డ్ గ్రిఫిన్ ఇవి మనకు వినపడనంత సన్నని స్వరంతో కూతలు వేసి, తిరిగివచ్చే ప్రతిధ్వనిని బట్టి దారి తెలుసుకుంటాయని నిరూపించాడు. పెద్ద గబ్బిలానికి మాత్రం ఈ విద్య లేదు. దానికి పెద్ద కళ్ళున్నాయి. దాని పని చూపుతోనూ, వాసనతోనూ సాగుతుంది.

కొండ తొలిచిన కాలం

విజయవాడ చుట్టూ మనిషి చేతి గుహలకు కొదవ లేదు. కృష్ణకు దక్షిణాన నాలుగంతస్తుల ఉండవల్లి గుహలు, ఊళ్ళో మొగల్రాజపురం గుహలు, ఇంద్రకీలాద్రి పాదాన అక్కన్న మాదన్న గుహలు ఉన్నాయి. ఉండవల్లి, మొగల్రాజపురం గుహలను నాలుగు, అయిదు శతాబ్దాల నాటివిగా, విష్ణుకుండినుల కాలానికి చెందినవిగా చరిత్రకారులు చెబుతారు. ఉండవల్లిలో శేషశయనుడైన అనంతపద్మనాభస్వామిని చూడని బెజవాడవాసి ఉండడు. అక్కన్న మాదన్నలు గోలకొండ తానీషా మంత్రులు. పదిహేడవ శతాబ్దం వారు. గుహలు వారికంటే పాతవి, పేరు మాత్రం వారిది.

పూజలు జరిగినన్నాళ్ళు గుహలో దీపం ఉంటుంది, పొగ ఉంటుంది, మనుషుల సందడి ఉంటుంది. ఇవేవీ గబ్బిలానికి పడవు. దీపం ఆరిన తరువాతే అది చేరుతుంది. మా చిన్నతనంలో పాత గుహలలోకి వెళితే ముందుగా మనను పలకరించేది గబ్బిలాల వాసన. కళ్ళు చీకటికి అలవాటు పడేలోగా నెత్తి మీద రెక్కల చప్పుడు వినిపించేది. అందుకే గబ్బిలం అంటే పాడుపడిన చోటు అనీ, అది ఇంట్లోకి వస్తే అశుభమనీ మనవాళ్ళలో ఒక భావన నిలిచిపోయింది. నిజానికి అది చోటును పాడు చేయలేదు. మనం వదిలేసిన తరువాత వచ్చి కాపురం ఉంది.

ఈ సంగతి మన దేశానికే పరిమితం కాదు. కోటలలో, పాత కట్టడాలలో కనిపించే ఒక గబ్బిలపు తెగకు శాస్త్రజ్ఞులు పెట్టిన పేరు ‘టాఫోజస్’. సమాధులలో ఉండేది అని దాని భావం. నెపోలియన్ ఈజిప్టు దండయాత్ర వెంట వెళ్ళిన ఫ్రెంచి పండితులకు అక్కడి పురాతన సమాధులలో అది కనబడింది. ఆ తెగ గబ్బిలాలు మన గోలకొండ కోటలోనూ ఉన్నాయి.

కాలువ తవ్విన కాలం

గుహలు ఎన్ని ఉన్నా, డెల్టాలో గబ్బిలాలకు అసలు విస్తరణ తెచ్చింది కాలువలేనని నా అభిప్రాయం. 1832–33 నాటి నందన కరువులో గుంటూరు సీమలోనే లక్షమందికి పైగా చనిపోయారు. డొక్కల కరువని మన తాతలు చెప్పుకున్నది అదే. ఆ తరువాత ఇరవై ఏళ్ళకు గాని ఆనకట్టకు ముహూర్తం కుదరలేదు. సర్ ఆర్థర్ కాటన్ ప్రోద్బలంతో, కెప్టెన్ చార్లెస్ ఓర్ ఆధ్వర్యంలో 1852లో మొదలైన పని 1855లో పూర్తయింది. ఇంద్రకీలాద్రికీ సీతానగరం కొండకూ మధ్య కృష్ణకు కట్ట పడింది. బందరు కాలువ, ఏలూరు కాలువ, రైవస్ కాలువ తూర్పు వైపునకు సాగాయి. పడమటి డెల్టాకు వేరే కాలువలు సాగాయి. 1952లో ఆ పాత ఆనకట్టకు గండి పడింది. దాని స్థానంలో 70 గేట్లతో వచ్చిన ప్రకాశం బ్యారేజి 1957 డిసెంబరులో ప్రారంభమైంది.

ఈ చరిత్ర మన సభ్యులలో చాలామందికి కంఠోపాఠం. గట్ల సంగతి మాత్రం తక్కువమంది ఆలోచిస్తారు. మెరక చేలల్లో వాన చినుకు కోసం చూసిన నేల, పదేళ్ళు తిరిగేసరికి వరిమాగాణి అయింది. వరికి చెట్టు నీడ పనికిరాదు. కాబట్టి పొలంలో చెట్టు పోయి గట్టు మీదికి వచ్చింది. మర్రి, రావి, చింత, మామిడి, తెల్లమద్ది, తుమ్మ, తరువాత దక్షిణ అమెరికా నుంచి వచ్చిన నిద్రగన్నేరు, వీటన్నిటికీ కాలువగట్టే ఆధారం. ఒక పక్క నీరు, ఒక పక్క నీడ, కొమ్మలకు అడ్డులేని గాలి. పెద్ద గబ్బిలానికి ఇంతకంటే ఏం కావాలి? పగలు నిద్రకు ఎత్తయిన చెట్టు, సాయంత్రం దాహానికి దగ్గరలో నీరు, ఇదే దాని గృహస్థాశ్రమం. అది నీరు తాగే తీరు చూడదగ్గది. ఎగురుతూ వచ్చి, పొట్ట నీటికి తగిలేట్టు ఒక్క జారు జారి, మళ్ళీ లేస్తుంది. తరువాత చెట్టు మీదికి వెళ్ళి బొచ్చుకు అంటిన తడిని నాకుతుంది.

మేము ఉద్యోగం చేసే రోజులలో గట్టు మీది చెట్లకు నంబర్లు ఉండేవి. వాటికొక రిజిస్టరు ఉండేది. చింతపండు, మామిడికాయ వంటి ఫలసాయానికి ఏటా వేలంపాట జరిగేది. చెట్టు పడిపోతే లస్కరు వచ్చి రిపోర్టు చేసేవాడు. చెట్టు చుట్టుకొలత రాసుకునేవాళ్ళం, విలువ కట్టేవాళ్ళం. దానిమీద కాపురమున్న జీవాలకు మాత్రం ఆ రిజిస్టరులో కాలమ్ లేదు. మర్రి, రావి, జువ్వి పండ్లు తిని గబ్బిలాలు విసర్జించిన గింజలే లాకుల గోడల్లో, పాత వంతెనల సందుల్లో మొలకెత్తేవి. వాటిని పీకించడం మాకు ఒక నిత్యకృత్యం. చెట్టు నాటేది ప్రభుత్వం ఒక్కటే కాదని అప్పుడు మాకు తోచేది కాదు. ఆ మాటకొస్తే బూరుగ పూలకు పుప్పొడి చేరవేయడంలోనూ, ఇప్ప గింజలను దూరం మోసుకుపోవడంలోనూ రాత్రివేళ తిరిగే ఈ జీవుల పాత్ర పెద్దది.

జాషువా దూత

గబ్బిలం పేరు తెలుగు సాహిత్యంలో శాశ్వతంగా నిలబెట్టినవాడు మన ప్రాంతపు కవి. 1895లో వినుకొండలో పుట్టిన గుర్రం జాషువా 1941లో ‘గబ్బిలం’ కావ్యం వెలువరించాడు. కాళిదాసు యక్షుడు మేఘాన్ని రాయబారం పంపాడు. జాషువా కావ్యంలోని నిరుపేద దళితుడు తన గోడు ఈశ్వరునికి విన్నవించమని గబ్బిలాన్ని పంపాడు. హంసను, చిలుకను కాదని గబ్బిలాన్ని ఎంచుకోవడంలో లోతైన ఆలోచన ఉంది. గుడి కప్పుకు వేలాడే గబ్బిలాన్ని ఏ పూజారీ అడ్డగించడు. ఆ గుడి గడప దాటే హక్కు తనకు మాత్రం లేదు. దేవుని చెవిలో మాట వేయగల చనువు తనకంటే దానికే ఉంది. మద్రాసు రాష్ట్రంలో అందరికీ ఆలయప్రవేశం కల్పించిన చట్టం 1947లో వచ్చింది. అంటే కావ్యం వచ్చిన ఆరేళ్ళకు.

ఆ పద్యాలు మన సభ్యులలో చాలామందికి నోటికి వచ్చు గనుక ఇక్కడ ఉదహరించను. ఒక సంగతి మాత్రం గమనించమంటాను. లోకం అశుభమనుకున్న జీవిని ఆయన ఆత్మీయంగా ఇంటికి పిలిచి మాట్లాడించాడు. జంతుశాస్త్రం మీద పుస్తకం రాయకపోయినా, గబ్బిలం పట్ల తెలుగువాడి చూపును మార్చిన మొదటి మనిషి ఆయనే.

యాభై ఏళ్ళు కదలని ఫైలు

చట్టం చూపు మారడానికి ఇంకా చాలాకాలం పట్టింది. 1972లో మన దేశంలో వన్యప్రాణి సంరక్షణ చట్టం వచ్చింది. పులికి, ఏనుగుకు రక్షణ దొరికింది. అదే చట్టంలో అయిదవ షెడ్యూలు అని ఒకటి ఉండేది. అది హానికర జంతువుల జాబితా. కాకి, ఎలుకలతో పాటు పండ్ల గబ్బిలాలన్నీ అందులో చేరాయి. అంటే వాటిని ఎవరైనా, ఎప్పుడైనా, అనుమతి అక్కరలేకుండా చంపవచ్చు. మనలో కొందరికి ఇంక్రిమెంటు ఫైలు కదలడానికి పట్టిన కాలం గుర్తుండే ఉంటుంది. గబ్బిలం ఫైలు కదలడానికి సరిగ్గా యాభై ఏళ్ళు పట్టింది. 2022 డిసెంబరులో పార్లమెంటు ఆమోదించిన సవరణ 2023 ఏప్రిల్ 1 నుంచి అమలులోకి వచ్చింది. హానికర జంతువుల షెడ్యూలు రద్దయింది. పెద్ద గబ్బిలానికి రక్షిత జంతువుల జాబితాలో, రెండవ షెడ్యూలులో చోటు దొరికింది. ఇప్పుడు దాన్ని చంపడం నేరం. ఈ సంగతి ఊళ్ళలో ఇంకా చాలామందికి తెలియదు.

రైతు లెక్క

గబ్బిలం పండ్లతోటకు చేటు కాదా అని రైతు మిత్రులు అడుగుతారు. న్యాయమైన ప్రశ్నే. జామ, సపోటా రైతుకు కొంత నష్టం ఉంటుంది. దానికి వలే మందు. మామిడి సంగతి కొంచెం వేరు. నూజివీడు వైపు దూరప్రాంతాలకు పంపే మామిడిని కాయ మీదే కోస్తారు. గబ్బిలానికి కావలసింది పండు. అది తినేది చాలావరకు కోతకు అందక చెట్టున మిగిలి మాగినదే.

చంపితే నష్టం తగ్గుతుందా అన్నదానికి మారిషస్ అనుభవం ఉంది. పందొమ్మిదవ శతాబ్దంలో మన కోరంగి రేవు నుంచి, కోస్తా జిల్లాల నుంచి తెలుగువారు వలస వెళ్ళిన దీవి అది. అక్కడ మామిడి, లీచీ తోటలు పాడుచేస్తున్నాయని 2015, 2016లలో ప్రభుత్వమే పెద్ద గబ్బిలాలను వేలసంఖ్యలో చంపించింది. ఆ తరువాత పండ్ల దిగుబడి పెరిగిందీ లేదు.

పురుగులు తినే చిన్న గబ్బిలాలైతే రైతుకు జీతం లేని కూలీలు. దోమపోటు, కాండం తొలుచు పురుగు మన డెల్టా వరిరైతుకు ఎంత చేటు చేస్తాయో చెప్పనక్కరలేదు. థాయిలాండులో గబ్బిలాలు వరిదోమను పెద్దఎత్తున తింటాయని పరిశోధకులు గుర్తించారు. స్పెయిన్‌లో ఎబ్రో నది డెల్టా మన డెల్టాలాగే వరిసీమ. అక్కడ పొలాల దగ్గర చెక్కపెట్టెలు తగిలిస్తే చిన్న గబ్బిలాలు వాటిలో కాపురం పెట్టాయి. కాండం తొలుచు పురుగు తగ్గింది. మన దగ్గర చెక్కపెట్టెల అవసరం కూడా లేదు. గట్ల మీద ఎండు మట్టలతో ఉన్న తాటిచెట్లను ఉండనిస్తే అవే ఆ పని చేస్తాయి.

భయం ఎంతవరకు?

2018లో కేరళలో నిపా జబ్బు వచ్చినప్పుడూ, 2020లో కరోనా వచ్చినప్పుడూ గబ్బిలాల మీద అందరికీ భయం పట్టుకుంది. నిపా వైరస్ పెద్ద గబ్బిలాలలో ఉంటుందన్నది నిజం. బంగ్లాదేశ్‌లో అది ఈతచెట్టు రసం ద్వారా మనుషులకు సోకింది. కల్లు ముంతల మీద గబ్బిలాలు వాలడమే కారణం. అందుచేత జాగ్రత్తలు అవసరం. గబ్బిలం కొరికిన పండు తినవద్దు. పండ్లు కడిగి తినాలి. మూతలేని ముంతలోని కల్లు, నీరా తాగవద్దు. కిందపడిన గబ్బిలాన్ని చేత్తో ముట్టుకోవద్దు. కరిచినా, గీరినా సబ్బుతో బాగా కడిగి వెంటనే డాక్టరును చూడాలి.

కరోనా విషయంలో 2020లో భారత వైద్య పరిశోధనా మండలి మన దేశపు రెండు జాతుల గబ్బిలాలలో కొన్ని కరోనా వైరస్‌లను గుర్తించింది. అవి మనుషులకు సోకినట్టు ఆధారం లేదని ఆ పరిశోధకులే చెప్పారు. అదే ఏడాది మే నెలలో ఉత్తరప్రదేశ్‌లో గోరఖ్‌పూర్ దగ్గర వందల గబ్బిలాలు ఒక్కసారి రాలిపడితే జనం కరోనా అని హడలిపోయారు. బరేలీ పశువైద్య సంస్థ పరీక్ష చేసి, అవి ఎండకు తాళలేక చనిపోయాయని తేల్చింది. 2015 మే నెల వడగాడ్పులలో మన రాష్ట్రంలో వెయ్యిమందికి పైగా చనిపోయారు. ఎండలకు పేరుపడ్డ మన ఊళ్ళో ఉన్నవాళ్ళం ఆ గబ్బిలాల బాధ అర్థం చేసుకోగలం. నడివేసవిలో డెల్టా కాలువలు కట్టేసే రోజులలో వాటికి నీరూ దూరమే. పెద్ద చెట్టు నీడ కూడా పోతే ఇక మిగిలేది ఏమీ లేదు.

ఆ 2020లోనే డెల్టాలో ఒక ఊరిలో, పేరు రాయడం లేదు, చెరువుగట్టున ఉన్న మర్రిచెట్టును కొట్టించాలని కొందరు పట్టుబట్టారు. టపాకాయలు కాల్చి గబ్బిలాలను తరిమేద్దామని మరికొందరు అన్నారు. ఆ ఊరి రిటైర్డు హెడ్మాస్టరు గారు ఒక్కరే అడ్డం తిరిగారు. ‘‘అయ్యా, ఇన్నేళ్ళుగా ఈ చెట్టు కింద రచ్చబండ మీద కూర్చున్నాం. మనలో ఎవరికైనా జబ్బు చేసిందా? ఇప్పుడు బెదరగొట్టి తరిమితే అవి మన ఇళ్ళ మధ్య చెట్లకు చెదిరిపోతాయి. అది మేలా?’’ అని అడిగారు. చివరకు చెట్టు కింద పశువులను కట్టవద్దనీ, పిల్లలను అటు పంపవద్దనీ తీర్మానం చేసుకుని ఊరుకున్నారు. చెట్టు నిలిచింది. రిటైరైనవాడి మాటకు ఊళ్ళో ఇంకా విలువ ఉందని నాకు అప్పుడు తెలిసింది.

ఎక్కడ చూడవచ్చు?

మన పిల్లలు చాలామంది ఉంటున్న అమెరికాలో ఆస్టిన్ అనే నగరం ఉంది. 1980లో అక్కడ ఒక నదీ వంతెనను బాగుచేస్తే, దాని కింద ఏర్పడిన సందుల్లో లక్షలాది గబ్బిలాలు చేరాయి. జనం మొదట హడలిపోయి తరిమేయమన్నారు. మెర్లిన్ టటిల్ అనే శాస్త్రజ్ఞుడు 1986లో ఆ ఊరు వచ్చి అందరికీ నచ్చజెప్పాడు. ఈనాడు వేసవి సాయంత్రాలలో ఆ పదిహేను లక్షల గబ్బిలాలు బయలుదేరే దృశ్యం చూడటానికి దేశదేశాల నుంచి జనం వస్తారు. పిల్లల దగ్గరకు వెళ్ళి వచ్చిన మిత్రులు ఆ ఫోటోలు మనకు చూపిస్తుంటారు. అంత పెద్దఎత్తున కాకపోయినా, మన ఊళ్ళోనూ చూడదగినవి ఉన్నాయి.

భవానీపురం వైపు పున్నమి ఘాట్, భవానీ ఘాట్: ఎదురుగా భవానీ ద్వీపం, మధ్య బ్యారేజి ఎగువ నిండునీరు. సూర్యాస్తమయం తరువాత ఇరవై ముప్పై నిమిషాలకు పడమటి వెలుగు మీద చూపు నిలపాలి. కాకులూ కొంగలూ గూళ్ళకు చేరిన తరువాత, రెక్కలు నిదానంగా ఆడిస్తూ ఒకే దిశలో పోయేవి పెద్ద గబ్బిలాలు.

మూడు కాలువల గట్లు: బందరు, ఏలూరు, రైవస్ కాలువలలో నీరు వదిలిన నెలల్లో నీటి మీద పురుగులు ముసురుతాయి. చిన్న గబ్బిలాలు చటుక్కున మలుపులు తిరుగుతూ వాటిని పట్టడం ఏ వంతెన మీద నిలబడినా కనబడుతుంది. పిచ్చుక అంత తిన్నగా పోతుంది, ఇది పోదు. అదే గుర్తు.

రాజీవ్ గాంధీ పార్కు, రాఘవయ్య పార్కు: దీపస్తంభాల చుట్టూ పురుగులు మూగే వేళ బెంచీ మీద కూర్చుంటే చాలు. మోకాళ్ళ నొప్పులున్నవారికి ఇదే అనుకూలం.

గాంధీకొండ, మొగల్రాజపురం కొండల దిగువ, ఉండవల్లి రోడ్డు: గుహలలోకి వెళ్ళి వాటిని కదపడం తగదు. సాయంత్రం బయట నుంచి కొండ అంచును చూడాలి.

కొండపల్లి: రెడ్డిరాజుల కాలం నాటి కోట, చుట్టూ అడవి. పాత గోడల సందులు చిన్న గబ్బిలాలకు ఇష్టమైన చోట్లు.

డెల్టా ఊళ్ళు: పండుగకు సొంత ఊరు వెళ్ళినప్పుడు చెరువుగట్టు, తాటితోపు, బూరుగచెట్టు చూడండి. మాఘ ఫాల్గుణాలలో బూరుగ పూసే రాత్రులు మరీ మంచివి. పులిగడ్డ దగ్గర కృష్ణ రెండు పాయలయ్యేచోట నది మీద ఆకాశం విశాలంగా కనిపిస్తుంది.

పెద్ద గబ్బిలాలు పగలు వేలాడే చెట్లు నాకు తెలిసినవి కొన్ని ఉన్నాయి. వాటి చిరునామా అచ్చులో పెట్టను. పదిమంది వచ్చి కేకలు వేస్తే పిల్లలున్న తల్లులు చెదిరిపోతాయి. మీ అంతట మీకు అలాంటి చెట్టు కనబడితే, దూరంగా నిలబడి చూడండి. టార్చిలైటు వేయవద్దు, చప్పట్లు కొట్టవద్దు, చెట్టు కిందికి వెళ్ళవద్దు. మనవలను వెంట తీసుకువెళ్ళండి. కొన్ని చిన్న గబ్బిలాల కూతలు పసివాళ్ళ చెవులకు అందుతాయి, మన వయసువాళ్ళకు అందవు. ‘‘తాతయ్యా, వినబడుతోంది’’ అంటే నమ్మండి.

ఒక మనవి

రోడ్లు వెడల్పవుతున్నాయి. గట్లకు సిమెంటు లైనింగు వస్తోంది. పాత పెంకుటిళ్ళు అపార్టుమెంట్లవుతున్నాయి. ఇవన్నీ ఆపమని నేను అనడం లేదు. నేనూ ఆ పనులే చేసి జీతం తీసుకున్నవాణ్ణి. కాని నూరేళ్ళ చెట్టు కొట్టేటప్పుడు దానిమీద ఎవరున్నారో ఒకసారి చూసి, వీలైతే రోడ్డును నాలుగు గజాలు పక్కకు జరిపే ఆలోచన చేయమని అడిగేవారు ఊరికి ఒకరైనా ఉండాలి. అడగడానికి మనకు తీరిక ఉంది. ఆఫీసులో అర్జీ ఎలా రాయాలో, ఏ బల్ల మీద పెట్టాలో మనకంటే బాగా తెలిసినవారు లేరు.

మేము రోజూ కాలువ గేజి రాసేవాళ్ళం. నీటిమట్టం పెరిగినా తరిగినా తేదీ, వేళ వేసి రిజిస్టరులో ఎక్కించేవాళ్ళం. సభ్యులు తమ వీధిలోనో, గట్టునో ఒక చెట్టును ఎంచుకుని, నెలకు ఒక సాయంత్రం అక్కడ ఎన్ని గబ్బిలాలు బయలుదేరాయో ఒక నోటుపుస్తకంలో తేదీ వేసి రాస్తే బాగుంటుంది. పదేళ్ళు రాస్తే అదే ఆ చెట్టు చరిత్ర. ఎప్పుడైనా ఎవరైనా దాన్ని కొట్టడానికి వస్తే చూపించడానికి మన దగ్గర ఒక కాగితం ఉంటుంది.